పర్సిమన్ చెట్టుకు తగిన శీతోష్ణస్థితి, నేల

పర్సిమన్ పండు శీతకాలము సమీపించునప్పటికి మన పట్టణములలోని పండ్ల దుకాణములకు వచ్చుచున్నది. చూచుటకు పెద్ద టమాటావలె గుండ్రముగా, నారింజ రంగులో ఉండును. పైన వంకాయకు ఉన్నట్లే ఆకుపచ్చని ముచ్చిక నాలుగు రేకులతో ఉండును. హిమాచల ప్రదేశములో దీనిని ‘జపానీ ఫల్’ అందురు. జపానువారు దీనిని ‘కాకి’ అందురు. మన కాకికిని దీనికిని సంబంధమేమియు లేదు, కాని చెట్టుమీద మాగిన పండును యజమానికంటె ముందు రుచి చూచునది చాలచోట్ల కాకియే.

ఈ పండు ధర చూచి, దీనిని మన తోటలలో ఏల వేయరాదని అడుగు రైతులు ఉన్నారు. మొక్కలు అమ్మువారును ఉన్నారు. అంటు మొక్క నాటిన తరువాత మూడు నాలుగేండ్లకు గాని తొలి కాపు రాదు. నిండు కాపునకు ఏడేండ్లయినను పట్టును. అన్ని ఏండ్లు నీరు పోసి, ఎరువు వేసి, కంచె కట్టి పెంచిన పిదప ‘ఈ చెట్టు మా ఊరికి తగదు’ అని తెలిసికొనుటకంటె, మొక్క కొనకముందే ఆ సంగతి తేల్చుకొనుట మేలు. అది కష్టమైన పని కాదు. పుష్య మాసపు రాత్రులు ఎంత చల్లబడునో, ఆశ్వయుజ కార్తీకములలో వానలు గాలులు ఎట్లుండునో, తోట నేలలో త్రవ్విన గుంటలో నీరు ఎంతసేపు నిలుచునో చూచినచో జవాబు చాలవరకు దొరకును.

తునికి చుట్టరికము

పర్సిమన్ చెట్టు శాస్త్రీయ నామము డయాస్పైరస్ కాకి. బీడీల ఆకు నిచ్చు మన తునికి కూడ ఈ డయాస్పైరస్ జాతిలోనిదే. ఆదిలాబాదు, భద్రాచలము అడవులలో తిరిగినవారు తునికిపండ్లు తినియే ఉందురు. పచ్చి తునికికాయ కొరికినచో నాలుక మొద్దుబారునట్టి వగరు, మాగిన తరువాత అదే పండులోని తీపి, ఈ రెండు గుణములును పర్సిమన్‌లో కూడ కనిపించును. అంతమాత్రమున తునికి పెరుగుచోటనెల్ల పర్సిమన్ పెరుగునని అనుకొనరాదు. తునికి మండు వేసవి అడవులలో పుట్టిన చెట్టు. పర్సిమన్ చైనా దేశములో పుట్టి, కొరియా, జపాను దేశములలో పెంపొందిన చెట్టు. అచ్చట చలికాలములో ఆకు రాల్చి, మోడుగా నిలిచి, వసంతములో మరల చిగిర్చును. ఆ అలవాటు దానిని ఎక్కడికి తెచ్చినను విడువదు.

చలికాలపు నిద్ర

ఆకు రాల్చు పండ్లచెట్లకు చలికాలములో కొంత నిద్ర కావలెను. ఆకురాలిన తరువాత మొగ్గలు ముడుచుకొని ఉండును. తగినంత చలి తగిలిన పిదపగాని అవి ఒక్కుమ్మడిగా మేలుకొనవు. ఈ చలిని 7 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన గంటలలో లెక్క వేయుట వాడుక. పేరుపొందిన పాత ఆపిల్ రకములకు ఇట్టి గంటలు 1,000కి పైగా కావలెను. పర్సిమన్ అంత అడుగదు. 100, 200 గంటలు చాలునని సాధారణముగా చెప్పుదురు. ఇస్రాయేలులో మధ్యధరా సముద్రతీరమున ఉన్న షారోన్ మైదానములో చలి స్వల్పమే, అయినను అచ్చట ట్రయంఫ్ అను రకము చక్కగా కాయుచున్నది. ఆ పండునే ‘షారోన్ ఫ్రూట్’ అను పేరుతో విదేశములకు అమ్ముచున్నారు.

చలి బొత్తిగా లేనిచోట ఏమగును? చెట్టు చావదు. అదే చిక్కు. చచ్చినచో రైతు మరొక మొక్క పెట్టుకొనును. కాని ఇది సగము ఆకు రాల్చి, సగము నిలుపుకొని, ఒక కొమ్మ మాఘములో, మరొక కొమ్మ చైత్రములో చిగిర్చుచు ఉండును. పూత పలుచగా వచ్చును, పిందె నిలువదు. చూచువారికి చెట్టు పచ్చగానే ఉండును గనుక వచ్చే ఏడు కాయునని ఆశతో మరి నాలుగేండ్లు పెంచుదురు.

విజయవాడ, గుంటూరు, రాజమహేంద్రవరము వంటి చోట్ల సాధారణముగా జనవరి రాత్రులు కూడ 15 డిగ్రీలకు దిగుట అరుదు. అచ్చట 7 డిగ్రీల లెక్క వేయవలసిన పనియే లేదు. తెలంగాణ పీఠభూమిలో, ముఖ్యముగా ఆదిలాబాదు వైపున, కొన్ని రాత్రులు 7 డిగ్రీలకు లోపు పోవుట కలదు. కాని అవి వరుసగా నిలువవు, పగలు మరల 25 డిగ్రీలు దాటును. పగటి వేడి హెచ్చినచో రాత్రి కూడిన చలిలో కొంత వ్యర్థమగును. పైగా మే నెలలో ఆ ప్రాంతములందు 44, 45 డిగ్రీల ఎండ, వడగాలి ఉండును. పర్సిమన్ ఆకు వెడల్పైనది, వడగాలికి అంచులు మాడును. పిందె రాలిపోవును. నీడలేని కొమ్మల బెరడు ఎండకు పగులును. కావున మన మైదాన ప్రాంతముల రైతులు, కోస్తావారైనను తెలంగాణమువారైనను, రాయలసీమవారైనను, ఈ పంటకై డబ్బు పెట్టకుండుట మంచిదని స్పష్టముగా చెప్పవలసియున్నది.

మైదానములు తగకపోయినను కొండల సంగతి వేరు. సముద్రమట్టమునుండి 1,000 మీటర్లు పైకి పోయినచో ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గును. హిమాచల ప్రదేశములోని కుల్లు, మండి, సోలన్ జిల్లాల మధ్యస్థపు కొండలలో ఈ చెట్లు బాగుగా కాయుచున్నవి. అది ఉత్తరదేశము గదా అనవచ్చును. దక్షిణమున నీలగిరులలోని కూనూరు పండ్ల పరిశోధన కేంద్రములో కూడ పర్సిమన్ చెట్లు కాయుచున్నవి. ఆ ఊరు 1,700 మీటర్లకు పైన ఉన్నది. వియత్నాములోని దలాత్ పట్టణము భూమధ్యరేఖకు కూనూరంత దగ్గరలోనే ఉన్నది. 1,500 మీటర్ల ఎత్తున ఉండుటచేత అక్కడి రైతులు పర్సిమన్ తోటలు పెంచి, పండ్లు ఎండబెట్టి అమ్ముచున్నారు. ఉష్ణమండలములో ఈ చెట్టుకు స్థానము ఇచ్చునది ఎత్తు.

చలి ఎక్కువైన భయము మన దేశములో మంచు కొండల రైతులకే. నిద్రలో ఉన్న చెట్టు గట్టి చలికి ఓర్చును. జపాను ప్రభుత్వము పండ్లతోటలకు నిర్ణయించిన ప్రమాణములలో తీపి రకములకు శీతకాలపు కనిష్ఠము సున్నకు దిగువ 13 డిగ్రీల వరకును, వగరు రకములకు 15 డిగ్రీల వరకును తగుననిరి. చిగిర్చిన తరువాత మాత్రము సున్నకు రెండు మూడు డిగ్రీలు దిగినను లేతకొమ్మ మాడిపోవును. పూత వచ్చునది ఆ లేతకొమ్మమీదనే గనుక, కొమ్మతో ఆ యేటి పంట పోయినట్లే. చల్లగాలి నీటివలె పల్లమునకు జారి నిలుచును. అందుచేత హిమాలయ ప్రాంతములందు లోయ అడుగున గాక, వాలుమీద తోట వేయుట మేలు.

పండు పక్వమగు కాలము

చలికాలము ఎంత ముఖ్యమో, పండు ముదురు కాలము అంత ముఖ్యము. మనవారు దీనిని లెక్కలోనికి తీసికొనుట లేదు.

పర్సిమన్ రకములు ముఖ్యముగా రెండు విధములు. ఫుయు, జిరో వంటివి చెట్టుమీదనే వగరు పోగొట్టుకొని, గట్టిగా ఉండగానే ఆపిల్‌వలె కోసి తినదగినవి. హాచియా, హిరతనెనాషి వంటివి మెత్తబడువరకు వగరుగానే ఉండును. వగరునకు కారణము పండులోని టానిన్ అను పదార్థము. అది నీటిలో కరుగు స్థితిలో ఉన్నంత కాలము నోటికి వగరు తగులును. పండు మాగి అది కరుగని రూపమునకు మారినప్పుడు టానిన్ పండులోనే ఉన్నను నాలుకకు తెలియదు. స్పెయిన్, ఇస్రాయేలు దేశములలో పండ్లను బొగ్గుపులుసు వాయువు నింపిన గదులలో ఉంచి, గట్టిదనము పోకుండ వగరు తీయుదురు. మన ఇండ్లలో అరటిపండ్లతో కలిపి గడ్డిలో మాగబెట్టినచో వగరు పోవును, కాని పండు జావవలె మెత్తబడును. కొరియాలో సాంగ్‌జు ప్రాంతమువారు వగరు పండ్లను తోలుతీసి, త్రాళ్ళకు వ్రేలాడగట్టి ఎండబెట్టుదురు. ఎండిన పండు ఖర్జూరమును తలపించును.

ఈ భేదము తోట వేయువానికి ఎందుకనగా, ఫుయు వంటి తీపి రకము చెట్టుమీద వగరు పోగొట్టుకొనుటకు వేసవియు, ఆపై నెలలును వెచ్చగా ఉండవలెను. జపాను ప్రమాణముల ప్రకారము తీపి రకములకు సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీలకు తగ్గరాదు, ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు సగటు 19 డిగ్రీలకు తగ్గరాదు. వగరు రకములకు ఈ అంకెలు 10, 16. అందుకే ఫుయు పుట్టినిల్లయిన గిఫు ప్రాంతము వెచ్చనిది. ఉత్తరమున చలి ఎక్కువైన యమగాత ప్రాంతములో వగరు రకములనే పెంచి, కోసిన తరువాత వగరు తీయుదురు. హిమాచల ప్రదేశములో ఎత్తైన చోట్ల ఫుయు వేసి, గట్టి పండులో వగరు మిగిలినదని వాపోవువారు ఈ సంగతి తెలిసికొనదగును.

పండు ముదురునది సెప్టెంబరు చివరినుండి నవంబరు వరకు. అప్పుడు ఆకాశము నిర్మలముగా ఉండి, పగలు వెచ్చగా, రాత్రులు చల్లగా ఉన్నచో రంగును తీపియు బాగుగా వచ్చును. వానలు పట్టినచో తోలుమీద నల్లని మరకలు వచ్చును, ముచ్చిక దగ్గర పండు చీలును. హిమాచల ప్రదేశములో నైరృతి ఋతుపవనము సెప్టెంబరు చివరకు వెనుదిరుగును గనుక అక్కడి రైతులకు ఈ విషయమున అదృష్టము కలదు.

మన రాష్ట్రములలో అరకు, చింతపల్లి, లంబసింగి ప్రాంతములను గూర్చి అడుగువారికి చెప్పవలసినది ఇక్కడనే ఉన్నది. ఆ కొండలు 800 మొదలు 1,000 మీటర్లు, కొన్నిచోట్ల అంతకు మించిన ఎత్తు కలవి. లంబసింగిలో కొన్ని సంవత్సరములు ఉష్ణోగ్రత సున్నకు దగ్గరగా దిగిన రాత్రులు ఉన్నవి. నేలలు ఎర్రనివి, వాలు కలవి. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని బంగాళాఖాతపు తుపానులు ఆ కొండలపైకి వచ్చునది అక్టోబరు, నవంబరు నెలలలోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటి, అరకు కొండలలో కాఫీ తోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లను కూల్చివేసినది. పర్సిమన్ కొమ్మ పెళుసైనది. నిండు కాపుమీద ఉన్నప్పుడు సామాన్యమైన గాలికే విరుగును. అట్టి గాలి పండ్లతో నిండిన తోటలో ఎంత నష్టము చేయునో ఊహించుకొనవచ్చును.

అందుచేత ఆ ప్రాంతపు గిరిజన రైతులు కాఫీ, మిరియము వంటి నమ్మకమైన పంటలను తీసివేసి పర్సిమన్ వేయరాదు. ఉత్సాహము గలవారు గాలిచాటున, తూర్పునుండి వచ్చు గాలికి కొండ అడ్డుగా ఉన్న వాలున, నాలుగైదు చెట్లు పెట్టి చూడవచ్చును. అంతకుముందు ఒక చలికాలము గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకమును నీడలో, ఛాతీ ఎత్తున కట్టి, డిసెంబరు, జనవరి రాత్రుల కనిష్ఠమును ప్రతి ఉదయము వ్రాసికొనవలెను. 4, 5 డిగ్రీలకు దిగిన రాత్రి సాధారణముగా ఐదారు గంటలు 7 డిగ్రీలకు లోపున ఉండును. అట్టి రాత్రులు ఇరువది, ముప్పది వచ్చినచో 100 గంటలు దాటినట్లు ఎంచవచ్చును. ఇది మోటు లెక్కయే గాని, ఊరిమాటకంటె నయము.

నేల

పర్సిమన్ పలు రకముల నేలలలో బ్రతుకును. కాని లాభసాటిగా కాయుటకు లోతైన, మురుగునీరు పోవు గరప నేల కావలెను. ఇది లోతుకు పోవు తల్లివేరు గల చెట్టు. పీచువేళ్ళు తక్కువ. అడుగున రాయి గాని, గట్టి సుద్దపొర గాని అడ్డు తగిలినచో తల్లివేరు వంకరపోయి, చెట్టు గాలికి ఒరుగును, బెట్టకు వెంటనే వాడును. ఒకటిన్నర మీటరు లోతు మంచి మన్ను ఉండుట మేలు. తెలంగాణమందలి లోతులేని చలక నేలలు ఈ కారణముచేతను పనికిరావు.

మురుగు పోవుట అన్నిటికంటె ముఖ్యము. తోట వేయదలచిన చోట వానకాలమున, నేల బాగుగా నానియున్నప్పుడు, మూడడుగుల లోతున గుంట త్రవ్వి నీటితో నింపవలెను. ఒకసారి ఇంకనిచ్చి, రెండవసారి నింపి చూడవలెను. మరునాటి అదే వేళకు నీరు పూర్తిగా ఇంకినచో ఆ నేల పనికివచ్చును. అడుగున ఇంకను నీరు నిలిచియున్నచో అచ్చట వేరు ఊపిరాడక కుళ్ళును. ఎత్తైన కట్టలు వేసి నాటి కొంత బాగుచేయవచ్చును గాని, నల్లరేగడిలో అదియు చాలదు. రేగడి వానకాలములో ఉబ్బి గాలి ఆడనీయదు, వేసవిలో పగిలి వేళ్ళను త్రెంపును. దానిలో సున్నము కూడ ఎక్కువ గనుక ఇనుము అందక లేతాకులు పసుపుబారును.

నేల పులుపు క్షారముల కొలత, అనగా ఉదజని సూచిక, 6 నుండి 7 వరకు ఉండుట మంచిది. కొండలమీది ఎర్ర నేలలు వానలకు సున్నము కొట్టుకొనిపోయి పుల్లనివై ఉండును. అట్టి నేలలో మాంగనీసు అధికముగా కరిగి చెట్టుకెక్కును. అప్పుడు పండు పండినను తోలుమీద ఆకుపచ్చని మచ్చలు పోవు. జపానులో ఫుయు తోటలకు ఈ వ్యాధి బాగుగా తెలిసినదే. మందులు చల్లి దీనిని పోగొట్టలేరు. నేల పరీక్ష చేయించి, చెప్పిన మోతాదున సున్నము వేయుటే మార్గము.

ఉప్పు ఈ చెట్టుకు గిట్టదు. చౌడు నేలలోను, ఉప్పు బోరునీరు పెట్టినచోటను ముందు ఆకు అంచులు మాడును, తరువాత ఆకు రాలును. స్పెయిన్‌లో వాలెన్సియా ప్రాంతపు తోటలలో నీటిలోని క్లోరైడు ఒక పెద్ద బెడద. నీరు కొంచెము ఉప్పనైనదని అనుమానము కలిగినచో పొటాషు ఎరువును మ్యూరేటు రూపములో గాక సల్ఫేటు రూపములో వేయుట మంచిది.

సారము గల నేల మంచిదే గాని, నత్రజని ఎరువు మితిమీరినచో చెట్టు కొమ్మలు సాచి, పిందె రాల్చును. యూరియా వేసినకొద్ది కాపు వచ్చునను అలవాటు ఇక్కడ చెల్లదు. నీరు మాత్రము ఎడతెగక అందవలెను. నిండు చెట్లకు ఏడాదికి వానయు తడియు కలిపి సుమారు 900 మొదలు 1,200 మిల్లీమీటర్లు కావలెను. అందులోను పూత మొదలు పిందె గట్టిపడువరకు బెట్ట తగలరాదు. ఎండబెట్టి ఒక్కసారి పెద్ద తడి ఇచ్చుటకంటె, బిందుసేద్యముచే కొంచెము కొంచెముగా ఇచ్చుట మేలు.

వేరుమూలము, మొక్క

ఒకే రకము అంటు వేర్వేరు వేరుమూలములపై వేర్వేరుగా ప్రవర్తించును గనుక, నేలను బట్టి మొక్క ఎంచవలెను. హిమాచల ప్రదేశములో ‘అమ్లూక్’ అను అడవి జాతి, అనగా డయాస్పైరస్ లోటస్, వేరుమూలముగా విరివిగా వాడుకలో ఉన్నది. అది చలికిని, బెట్టకును ఓర్చును, పీచువేళ్ళు ఎక్కువ గనుక నాటినచోట సులభముగా నిలదొక్కుకొనును. నీరు నిలిచినచో తట్టుకొనలేదు. ఫుయు రకమునకు దీనితో పొత్తు సరిగా కుదరదు. కొన్ని ఏండ్లు పెరిగి తరువాత క్షీణించు చెట్లు ఉండును. ఫుయునకు పర్సిమన్ గింజ మొక్కయే మంచి వేరుమూలము. అమెరికా అడవి పర్సిమన్ తడి నేలకు ఓర్చును గాని పిలకలు విపరీతముగా వేయును. మొక్క అమ్మువాడు రకము పేరు చెప్పి, వేరుమూలము పేరు చెప్పలేనిచో అచ్చట కొనరాదు. గింజ మొక్కలను అంటు మొక్కలని అమ్ముటయు కలదు. అంటు కట్టినచోట కణుపువలె అతుకు కనిపించవలెను.

చెట్టు ఆకురాల్చి ఉన్నప్పుడు, డిసెంబరు చివర మొదలు ఫిబ్రవరిలోపల నాటవలెను. మీటరు వెడల్పు, మీటరు లోతు గుంటలు ఒక నెల ముందే త్రవ్వి ఆరనిచ్చి, పైమన్నును చివికిన పశువుల ఎరువును కలిపి నింపవలెను. చెట్టుకు చెట్టుకు 5, 6 మీటర్లు ఎడము చాలును. ఉత్తరదేశమునుండి వచ్చు మొక్కల వేళ్ళకు మన్ను ఉండదు, తడి నాచులో చుట్టి పంపుదురు. కట్ట విప్పగానే వేళ్ళు నల్లగా కనిపించును. కుళ్ళినవని భ్రమించి పారవేయరాదు. ఈ జాతి వేళ్ళ రంగే నలుపు. గోటితో గీచి చూచినచో లోపల పసుపుపచ్చగా, తడిగా ఉన్న వేరు బ్రతికియున్నట్లు. లోపల కూడ గోధుమరంగై పొడిగా ఉన్న మొక్కను వాపసు చేయవలెను. వేళ్ళు ఒక గంటసేపు కూడ ఎండకు, గాలికి ఆరరాదు. నాటువరకు తడి గోనెలో చుట్టి నీడన ఉంచి, తల్లివేరు వంగకుండ గుంటలో నిలిపి, అతుకు నేలకు జానెడు పైన ఉండునట్లు మన్ను కప్పి, వెంటనే నీరు పోయవలెను. మొదటి వేసవిలో కాండమునకు సున్నపు పూత వేసి, మొదట ఎండుగడ్డి పరచినచో బెరడు ఎండకు పగులదు. చిగురు వచ్చుట ఆలస్యమైనను తొందరపడి మొక్క పెరుకరాదు. నాటిన ఏడు ఈ చెట్టు పైన కనిపించుటకంటె క్రిందికి పోవుటయే ఎక్కువ.